వాగు రంగు

ఇస్నాపూర్,
8 ఆగస్టు 2004

బిడ్డ సుమిత్రకు,

ఫోన్‌లో అడగొచ్చు కదా మామా అంటావని తెలుసు. ఫోన్‌లో నువ్వు చెప్పింది మళ్లీ చదువుకోవడానికి ఉండదు. ఇంటర్నెట్ సెంటర్‌కు పోతే తెలుగులో రాయడం రాదు. అందుకే కాగితం పట్టుకున్నాను. నువ్వు కూడా కాగితం మీదే జవాబు రాయి.

స్టూడియోకు డిజిటల్ కెమెరా కొన్నాను. పాతదే, సికింద్రాబాద్‌లో ఒకాయన వాడి అమ్మేశాడు. పెళ్లివాళ్లకు ఇప్పుడు రీలు అంటే చులకన అయిపోయింది. ఫ్యాక్టరీ పనికొచ్చిన బీహార్, ఒరిస్సా పిల్లలు మాత్రం మారలేదు. ఆదివారం వచ్చిందంటే కిరాయి గదుల్లో నుంచి తల దువ్వుకుని వస్తారు, నా పూలతోట పరదా ముందు నిలబడతారు. ఊళ్లో అమ్మకు తాము బాగున్నట్టు కనపడితే వాళ్లకు చాలు.

ఇక అసలు సంగతి. జిన్నారం దిక్కున్న తుమ్మలకుంట వాళ్లు నా దగ్గరికి వచ్చారు. వాళ్లకు పెద్దమనిషి జంగయ్య. వాగు ఒడ్డున ఆయనకు పొలం ఉంది. పైన మందుల ఫ్యాక్టరీ వచ్చాక వాగు నీళ్ల రంగు మారింది, వరి పొట్టకు రాకముందే మాడిపోతున్నది. కోర్టు దీని మీద ఒక కమిటీ వేసిందట. ఊరి తరఫు వకీలు త్రినాథరావు గారు ఫొటోలు కావాలన్నారు. ఒక మాట కూడా అన్నారు. "ఫొటో ఎవరైనా దిద్దొచ్చు యాదగిరీ. అసలుది చూపించమంటే ఏం చూపిస్తావు?"

రీలు అయితే నెగెటివ్ తీసి బల్ల మీద పెట్టేవాడిని. ఈ కెమెరాకు నెగెటివ్ ఏది బిడ్డా? నువ్వు చేసే పని ఇదే కదా, విడమరిచి రాయి.

మీ అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది. మొన్న బీరంగూడ గుట్ట మెట్లు తనే ఎక్కింది.

మీ మామ,
యాదగిరి


బెంగళూరు,
22 ఆగస్టు 2004

మామకు సుమిత్ర రాసేది,

అమ్మ మెట్లెక్కిందని నువ్వు రాసేదాకా నాకు తెలియదు. ఫోన్ చేస్తే "తిన్నవా, పన్నవా" తప్ప వేరే మాట చెప్పదు.

నీ ప్రశ్న బాగుంది. నీ కెమెరా బొమ్మను రెండు రకాలుగా దాస్తుంది. మామూలుగా దాచేది వండిన అన్నం. ఉప్పు, పులుపు, రంగు అన్నీ కెమెరాయే వేసి పెడుతుంది. రెండోది బియ్యం. లోపల పడిన వెలుతురును పడినట్టే రాసి పెడుతుంది. దాన్ని 'రా' ఫైలు అంటారు. అంటే పచ్చిది, ముడిది. దానిలో వేలు పెట్టి మార్చడం చాలా కష్టం. నీ నెగెటివ్ అదే. కోర్టు పనికి తీసేవన్నీ 'రా'లో తియ్యి, వాటిని డిస్కుల మీద ఎక్కించి దాచు.

ఒక చిక్కు ఉంది. ఈ ముడి ఫైలును ఒక్కో కంపెనీ ఒక్కో లిపిలో రాస్తుంది. ఆ లిపి బయటివాళ్లకు చెప్పదు. కెమెరాతో పాటు వచ్చిన ప్రోగ్రాంతోనే అది తెరుచుకుంటుంది. ఆ సీడీ పారేయకు. నీ కెమెరా కంపెనీకి పనిచేసిపెట్టే ఆఫీసులోనే నేనున్నాను. ఏమైనా అయితే నేనున్నాను కదా.

పరదా మార్చకు మామా. ఆ పూలతోట ముందు నా ఫొటో కూడా ఉంది.

సుమిత్ర


ఇస్నాపూర్,
17 అక్టోబరు 2004

సుమిత్రా,

నువ్వు చెప్పినట్టే చేశాను. దాని పేరు 'రా' అని త్రినాథరావు గారికి చెబితే నవ్వారు. "పిలిస్తే వస్తుందా మరి?" అన్నారు.

పెద్ద వాన పడ్డ మర్నాడు జంగయ్య కబురు పెట్టాడు. నేను బండి వేసుకుని పోయేసరికి వాగు నిండా ఎర్రటి నీళ్లు. మోదుగుపూలు ఉడకబెట్టిన నీళ్ల లాగున్నాయి. వాసనకు కళ్లు మండాయి. నీళ్ల మీద నురుగు, ఒడ్డున తేలిన చేపలు. జంగయ్య భార్య మొగులమ్మ గొర్రెలను నీళ్లకు పోకుండా అదిలిస్తూ నిలబడ్డది.

నేను నీళ్లకు గురి పెడితే జంగయ్య ఆపాడు.

"ఉత్త నీళ్లు దీస్తె ఏడి వాగని ఎవనికెరుక? నన్ను గుడ వెట్టి తియ్యి. ఈ మండలంల నన్ను ఎరుగనోడు లేడు."

"ఒడ్డు మీద ఉండు జంగన్నా, లోపలికి దిగకు" అన్నాను.

"నా పొలం కాడి వాగుల దిగనీకి నాకు భయమేంది" అని మోకాళ్ల దాకా దిగాడు. నవ్వలేదు, చేతులు కట్టుకోలేదు. సాక్షి బోనులో నిలబడ్డట్టు నిలబడి నా దిక్కు చూశాడు. అట్లా తీశాను.

ప్రింట్లు కమిటీకి ఇచ్చాం. డిస్కులు బీరువాలో పెట్టాను. నువ్వు లేకుంటే ఈ ఉపాయం నాకు తెలిసేది కాదు.

మీ మామ


ఇస్నాపూర్,
10 జూన్ 2007

సుమిత్రకు,

ఈ మూడేళ్లూ ఫోన్లతోనే గడిపాం. ఇప్పుడు మళ్లీ కాగితం మీద రాయవలసిన పని పడ్డది.

ఉగాది దాటినాక జంగయ్య పోయాడు. కాళ్లకు పుండ్లు పడి మానలేదు. తర్వాత లోపల ఏదో అయిందన్నారు. వాగు వల్లనా, వయసు వల్లనా అని డాక్టరును అడిగితే ఆయన చెప్పలేనన్నాడు. చెప్పలేనన్నందుకు నాకు కోపం రాలేదు. తెలియనిది తెలియదన్నాడు.

కమిటీ ఇప్పుడు కదిలింది. ఫ్యాక్టరీ వకీలు మన ఫొటోలు చూసి ఇవి కంప్యూటర్‌లో రంగు పోసినవన్నాడు. అసలువి తెమ్మని కమిటీ అడిగింది. దీని కోసమే కదా దాచింది అని ధైర్యంగా ఇంటికి వచ్చాను. పోయిన వానాకాలం పిడుగు పడి పాత కంప్యూటర్ కాలిపోయింది. కొత్తదానిలో డిస్కు పెడితే ఫైళ్ల పేర్లు కనబడుతున్నాయి, బొమ్మ రాదు. కెమెరా సీడీ పెడితే ఈ కంప్యూటర్‌కు ఇది పనిచేయదని చెబుతున్నది. కొత్త సీడీ కోసం ఆబిడ్స్‌లో షాపుకు పోయాను. "ఆ కంపెనీ కెమెరాల ధంధా బంద్ వెట్టింది. కెమెరా ఉంటె ఇచ్చేయ్, వేరేది తీస్కపో" అన్నాడు.

రీలు రోజుల్లో ఏ కంపెనీ రీలైనా ఒకే తీరు మందుల్లో కడిగేవాళ్లం. కంపెనీ మునిగినా నెగెటివ్ ఎక్కడికీ పోయేది కాదు. లోకమంతా నెగెటివ్‌ను ఒక్క తీరుగా చేయగలిగినప్పుడు దీన్ని ఎందుకు చేయలేదు బిడ్డా?

డిస్కు దీనితో పంపుతున్నాను. నువ్వు ఆ ఆఫీసులోనే ఉన్నావు. తెరిచి పంపు. శ్రావణంలో విచారణ.

మీ మామ


బెంగళూరు,
1 జులై 2007

మామకు,

జంగయ్య తాత సంగతి చదివి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

డిస్కు అందింది. దాన్ని తిరిగి పంపిస్తున్నాను. నేను తెరవను. తెరిచినా అది నీకు పనికిరాదు. కారణం ఇప్పుడు రాయలేను. వండిన ఫొటోలు ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే అవి ఇచ్చి చూడు. ఈ డిస్కు నా దగ్గరికి వచ్చిందని మాత్రం ఎవరితోనూ అనకు. విచారణ వాయిదా అడగమని వకీలు గారికి చెప్పు.

నా మీద నమ్మకం ఉంచు.

సుమిత్ర


ఇస్నాపూర్,
14 జులై 2007

సుమిత్రకు,

నీ ఉత్తరం అందింది. డిస్కు కూడా అందింది.

నువ్వు రాసినవన్నీ అర్థం చేసుకోవడానికి చూశాను. తెరవను అన్నావు, తెరుచుకోదు అనలేదు. ఎవరితోనూ అనకు అన్నావు. పెద్ద కంపెనీలో నౌకరీ చేసేవాళ్లకు ఇంకో కంపెనీ అంటే ఉండే జాగ్రత్త నాకు తెలుసు. ఈ పటాన్‌చెరు రోడ్డు పొడుగునా అదే చూస్తున్నాను. ఫ్యాక్టరీలో కొడుకున్న ఇంటివాళ్లెవరూ వాగు గురించి మాట్లాడరు. వాళ్లను నేను తప్పు పట్టలేదు, నిన్నూ పట్టను.

మొగులమ్మ వచ్చి అడిగింది. "మన పిల్లనే గదా సదివింది, ఏమన్నది?" అన్నది. పని మీదున్నదని చెప్పాను.

ఇక ఈ విషయం నీకు రాయను. మీ అమ్మ నిన్ను ఫోన్ చేయమంటున్నది.

యాదగిరి


బెంగళూరు,
29 జులై 2007

మామా,

నువ్వు ఎప్పుడూ "మీ మామ" అని రాస్తావు. ఈసారి పేరు మాత్రం రాశావు.

రాయకూడదనుకున్నది రాస్తున్నాను. నీ ఫైలు తెరిచే తాళంచెవి నా ముందే ఉంది. ఆ కెమెరాల ధంధా మూతపడ్డా ప్రోగ్రాం మా దగ్గరే ఉంది, మా ఆఫీసు ఇప్పుడు వేరే కంపెనీల కెమెరాలకు పనిచేస్తున్నది. కొత్త కంప్యూటర్‌కు సరిపడేలా దాన్ని దిద్దడం నాకు చేతనవుతుంది. కానీ కంపెనీ రహస్యం బయట వాడనని ఉద్యోగంలో చేరిన రోజే సంతకం పెట్టాను. అది ఒక కారణం. నిజానికి అదొక్కటే అయితే తెగించేదాన్నేమో. రెండోది వేరే. ఫొటో తీసినవాడు మేనమామ, తెరిచింది మేనకోడలు, అదీ ఎవరికీ చూపించని ప్రోగ్రాంతో అని తెలిస్తే ఫ్యాక్టరీ వకీలు ఏమంటాడు? రంగు పోసింది ఎవరో ఇప్పుడు తెలిసిందంటాడు. అందుకే నా చేయి దాని మీద పడకూడదు, నా దగ్గరికి వచ్చిన జాడ కూడా ఉండకూడదు.

నేను ఊరికే కూర్చోలేదు. మీటింగ్‌లో అడిగాను. ఆగిపోయిన కెమెరాల లిపినైనా బయట పెట్టండి, ఇక ముందు చేసేవాటికి అన్ని కంపెనీలూ ఒకే పద్ధతి పెట్టుకోవచ్చు కదా అన్నాను. మా పెద్ద సార్ మంచివాడే. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. "ఒక్కో కెమెరా కన్ను ఒక్కో తీరుగా ఉంటుంది. అందరికీ ఒకే కొలత అంటే కొత్తది పుట్టదు. మన రంగులే మన బతుకు. వాటి లెక్క పక్కవాడికి చెప్పమంటావా?" అన్నారు. "రంగుల లెక్క మీదే సార్, బొమ్మ మాత్రం తీసినవాళ్లది" అన్నాను. పైవాళ్లకు రాస్తానన్నారు. జవాబు వచ్చేదాకా నీకేమీ చెప్పకూడదని ఊరుకున్నాను. జవాబు ఇంకా రాలేదు.

దారి ఒకటుంది. ఎక్కడెక్కడో ఉన్న మనుషులు ఈ ఫైళ్లను బయటి నుంచే పరీక్షించి, లిపి ఊహించి, తెరిచే ప్రోగ్రాం రాసి అందరికీ ఊరికే ఇస్తున్నారు. దాన్ని ఎవరైనా తెరిచి చూడొచ్చు, ఎట్లా పనిచేస్తుందో చదవొచ్చు. మన చుట్టం కాని వాళ్లతో, రెండు పక్షాల ముందూ తెరిపించమను. సంగారెడ్డి కాలేజీలో కంప్యూటర్ చెప్పే సార్లు ఉంటారు.

మొగులమ్మ అవ్వకు నేను అడిగానని చెప్పు.

నీ కోడలు
సుమిత్ర


ఇస్నాపూర్,
9 డిసెంబరు 2007

బిడ్డా,

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించాను. "దానికి చిన్నప్పటి నుంచి గిదే అలవాటు. మంచి పని చేస్తుంటె నోరు ఇప్పదు" అన్నది. నేను కోపంతో రాసిన ఉత్తరాన్ని నువ్వు చింపేసి ఉంటావనుకుంటున్నాను.

వాయిదా పడ్డ విచారణ పోయిన వారం జరిగింది. త్రినాథరావు గారు నువ్వు రాసిన దారే అడిగారు, కమిటీ ఒప్పుకుంది. సంగారెడ్డి నుంచి ఒక లెక్చరర్ వచ్చాడు. అందరి ముందూ డిస్కు పెట్టి ఆ ప్రోగ్రాంతో తెరిచాడు. తెరుచుకుంది. జంగయ్య వాగులో నిలబడి మా అందరి దిక్కు చూశాడు.

తర్వాతే నాకు తెలిసింది. నీళ్లు ఎర్రగా లేవు. బూడిద రంగులో, జెర నీలి పొడతో ఉన్నాయి.

ఫ్యాక్టరీ వకీలు ప్రింటు తీసి పక్కన పెట్టాడు. "ఇందులో ఎరుపు, అందులో బూడిద. మీ వాగు రెండు రంగుల్లో పారుతుందా?" అన్నాడు. కమిటీ పెద్దాయన లెక్చరర్‌ను అడిగాడు. ఆయన ఉన్నదున్నట్టే చెప్పాడు. బొమ్మలో ఎవరూ వేలు పెట్టలేదు, అది అసలుదే. కానీ ఆ పూట వెలుతురులో తెలుపు ఎట్లా ఉందో కెమెరా రాసుకున్న అంకెలు వేరే తాళం కింద ఉన్నాయి. అవి లేకుండా రంగు ఇదీ అని చెప్పలేనన్నాడు.

బొమ్మ నిజమే, రంగు తేలలేదని రాసుకున్నారు. మనం పోయిందే రంగు కోసం.

ఆ అంకెలు నీకు తెలిసినా రాయకు. ఇప్పుడు నాకు అర్థమైంది.

మీ మామ


బెంగళూరు,
30 డిసెంబరు 2007

మామా,

ఆ అంకెలకు మా వాళ్లు వేసిన తాళం సంగతి నాకు గుర్తు రాలేదు. బయటివాళ్లు బొమ్మ తెరిచారు కదా, రంగు కూడా వస్తుందనుకున్నాను. ఆ హాల్లో నీ పక్కన ఉంటే బాగుండేది.

ఫొటోలో తెల్లటి వస్తువు ఏదైనా ఉంటే దాన్ని పట్టుకుని మిగతా రంగులు సరిచేయొచ్చు. తాత పంచె కట్టుకున్నాడా?

పైవాళ్ల జవాబు వచ్చింది. ఆగిపోయిన సరుకు గురించి ఏ వివరమూ బయటికి ఇవ్వడం కుదరదన్నారు. నన్ను కెమెరాల నుంచి ప్రింటర్ల పనికి మార్చారు. మానేద్దామనుకున్నాను. మానేస్తే ఆ మాట లోపల అడిగేవాళ్లు ఎవరూ ఉండరని ఆగాను. కొన్ని కంపెనీలు మాత్రం అందరికీ చెప్పిన పద్ధతిలోనే ముడి ఫైలు రాయడం మొదలుపెట్టాయి. కొత్త కెమెరా కొంటే అట్లాంటిదే కొను.

కోడలు
సుమిత్ర


ఇస్నాపూర్,
6 ఏప్రిల్ 2008

బిడ్డ సుమిత్రకు,

పంచె సంగతి అడిగావు. తెల్ల పంచే. కానీ దాన్ని ఏళ్ల తరబడి ఆ వాగులోనే ఉతికారు. అది ఏ రంగుకు వచ్చిందో ఎవరు చెప్పగలరు? త్రినాథరావు గారు ఆ మాట ఎత్తనే లేదు.

కమిటీ రిపోర్టు వచ్చింది. ఊరికి మంచినీళ్ల పైపు వేయమన్నారు, ఫ్యాక్టరీ నీళ్లను కొత్తగా పరీక్షించమన్నారు. పొలాల నష్టం మాత్రం రుజువు కాలేదన్నారు. పైపు పని మొదలైంది. నల్లా వస్తే ఆడవాళ్లకు నడక తప్పుతుంది. పొలాలు పోయినవాళ్లకు ఏమీ లేదు. జంగయ్య కొడుకు భూమిని సాగు చేయక పడావు పెట్టి పాశమైలారం దిక్కు గోదాములో కావలికి పోతున్నాడు.

ఇది అయిపోయిన కథ, నీకు రాయాలనుకున్నది ఇంకొకటి. జంగయ్య యాడాది దినం దగ్గరపడిందని మొగులమ్మ వచ్చింది. ఇంట్లో గోడకు పెట్టడానికి ఆయన ఫొటో లేదు. రేషన్ కార్డు మీది బొమ్మ చెరిగిపోయింది. "ఆనాడు వాగుల దీస్తివి గద, గది ఇయ్యి" అన్నది. ప్రింట్లన్నీ కమిటీ ఫైల్లో ఉన్నాయి. లెక్చరర్ ఇచ్చిన ప్రోగ్రాం నా కంప్యూటర్‌లో వేసుకున్నాను కనుక బొమ్మ తెరిచి ఆమెను పక్కన కూర్చోబెట్టాను.

చూసి తల తిప్పుకుంది.

"గిది నేను ఆయన సచ్చిపోయినంక సూసిన మొకం. బతికున్నప్పటిది ఇయ్యి."

నిజమే. నీలి పొడ వల్ల ముఖం పాలిపోయి ఉంది. మౌస్ పట్టుకుని కొద్దికొద్దిగా ఎండ లాంటి వేడి రంగు పెంచాను.

"ఇంక జెర. గింత తెల్లగ ఏడున్నడు? ఎండల మాడిన మనిషి."

పెంచాను.

"గంత వద్దు, జెర ఎనుకకు రా."

తగ్గించాను. ఆమె ముందుకు వంగి తెర దగ్గరికి ముఖం పెట్టింది. చెవి దగ్గర, మెడ దగ్గర, చేతుల మీద చూసింది. ఇన్నేళ్లలో నా దగ్గరికి ఫొటోల కోసం వచ్చిన వాళ్లెవరూ అట్లా చూడలేదు. ఇంకొంచెం జరిపాను.

"ఆఁ, గిది. గిదే ఆయన. ఇగ ముట్టకు."

చేయి తీసేశాను. అప్పుడు చూశాను నేను. జంగయ్య వెనక వాగంతా ఎర్రబడి ఉంది. ఆ వాన మర్నాడు నేను చూసిన ఎరుపే. ఒక పిసరు ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆమె నీళ్ల దిక్కు ఒక్కసారి కూడా చూడలేదు బిడ్డా, నేనూ చూడలేదు. మేమిద్దరం ఆయన ముఖమే చూశాం.

"వదినా, నీళ్లు సూసినవా?" అన్నాను.

"గట్లనే ఉండె గద. నీకెరుక లేదా?" అన్నది.

దీన్ని ఏ కమిటీ తీసుకోదని నాకు తెలుసు. త్రినాథరావు గారికి కూడా చెప్పాను. "రాసి పెట్టుకో యాదగిరీ" అన్నారు. అందుకే నీకు రాస్తున్నాను.

ప్రింటు తీసేముందు ఆమెను అడిగాను. గోడకు పెట్టుకునే బొమ్మ కదా, ఆ నీళ్లు తీసేసి ముఖం వరకే ఉంచనా, వెనక మంచి రంగు వేసిస్తాను అన్నాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని వద్దన్నది.

"ఆయన కావాలని ఆడ నిలవడె. ఆడనే ఉండనియ్యి."

మీ మామ,
యాదగిరి